బోర్డు మీద ఎగ్మోర్ అని ఉండదమ్మాయ్

"అక్కా, ఒంగోలు నుంచి చెన్నై వచ్చి మూడు వారాలైంది. తమిళం ఒక్క ముక్క చదవలేను. బస్సెక్కాలంటే టెన్షన్. వేళచ్చేరి నుంచి షోలింగనల్లూరు ఆఫీసుకి ఆటోలకే జీతం పోతోంది" అని రాశావు. ఇరవై ఏళ్ల కిందట నాదీ ఇదే గోల.

అప్పట్లో పట్టుదలగా అక్షరాలు నేర్చుకున్నాను. ఊరి నుంచి అమ్మ వస్తుంటే ఎగ్మోర్ స్టేషన్‌కి బయల్దేరి బస్టాపులో ముప్పావుగంట నిలబడ్డాను. వచ్చిన ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదివినా 'ఎగ్మోర్' లేదు. పక్కనున్న పూలమ్మే ఆవిడని అడిగితే, ఇప్పటికే మూడు బస్సులు పోయాయంది. తమిళంలో దాని పేరు ఎళుంబూర్! ట్రిప్లికేన్ తిరువల్లిక్కేణి, పూనమల్లి పూందమల్లి. కాబట్టి ముందు నీక్కావలసిన చోటుని తమిళులు ఏమంటారో తెలుసుకో.

రెండో చిక్కు, క ఖ గ ఘ నాలుగింటికీ వాళ్లకి ఒకటే అక్షరం. త, ప వరసలూ అంతే. గిండీ బోర్డు మీద 'కిణ్టి' అని కనిపిస్తుంది. టి.నగర్‌ని 'తి.నకర్' అని రాస్తారు. తప్పు చదివానేమో అని దిగిపోకు, అదే నీ బస్సు. (ఆ తి.నకర్ నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కు, మన కాళహస్తిలో పుట్టి ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా పేరు మీదే వెలిసింది.)

అక్షరమాల అంతా ఇప్పుడే అక్కర్లేదు. రోజూ కావలసిన నాలుగైదు పేర్లు చాలు. ముగ్గు నేర్చుకున్నట్టు చూసి చూసి పదిసార్లు వెయ్యి. తాంబరమే తీసుకో. మూతలేని పెట్టెలా ఉండేది 'ప'. నెత్తిన చుక్క పెట్టుకున్న 'మ్' దానికి ముందొకటి, పేరు చివరొకటి. ఇంత గుర్తుంటే దూరం నుంచే పట్టేస్తావు. ఫోన్ కెమెరాతో చదివిద్దామనుకుంటే, ఫోన్ తీసేలోగా బస్సు వెళ్లిపోతుంది.

నంబర్లు మామూలు అంకెలే. కానీ పక్కన 'కట్' అని ఉందేమో చూడు, ఆ బస్సు చివరిదాకా పోదు. మామూలు టౌన్ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకి టికెట్ డబ్బులు అక్కర్లేదు. ముందుభాగం గులాబీ రంగులో ఉంటే నిశ్చింతగా ఎక్కు. మెట్రోకి భయం లేదు, ఇంగ్లీషులో కూడా రాసి ఉంటుంది.

మాటల్లో మాత్రం జాగ్రత్త. దారి అడిగితే ఎవరైనా 'వలదు పక్కం' అన్నారనుకో, వద్దంటున్నారనుకోకు, కుడివైపు అని. వాళ్ల 'అవసరం' అంటే తొందర. దిగేటప్పుడు కండక్టర్ 'అవసరప్పడాదీంగ' అంటే, నువ్వు దిగనక్కర్లేదని కాదు, కంగారు పడొద్దని. నేను అలా రెండు స్టాపులు ముందుకు పోయాను.

పండక్కి ఊరెళ్లేటప్పుడు ఆటో అతను కోయంబేడు బస్టాండు అనుకుంటాడేమో, మాధవరం బస్టాండు అని గట్టిగా చెప్పు. ఆంధ్రా బస్సులు 2018 నుంచి అక్కడే. అక్కడ మన బస్సుల బోర్డులు తెలుగులోనే ఉంటాయి.