పోలిష్‌లో కష్టం చెప్పుకోవాలంటే తెలుగులో ఆలోచించండి

సందేహం: ఈ మధ్యే ఎం.ఎస్. చదవడానికి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ వచ్చాను. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే. ఇంటి ఓనర్‌తోనో ఆఫీసుల్లోనో ఇబ్బంది చెప్పుకోవాల్సి వస్తే మాత్రం, ‘ఐ యామ్ ఫేసింగ్ సమ్ చాలెంజెస్’ అని ఫోన్‌లో కొట్టి, వచ్చిన పోలిష్ వాక్యం చూపిస్తున్నాను. వాళ్లు అయోమయంగా చూస్తున్నారు. ఇలాంటివి ఎలా చెప్పాలి?

జవాబు: ఆ ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టేయండి. దానికి పోలిష్‌లో ‘స్తావిచ్ చొవా వీజ్వాన్యొమ్’ అని ఉంది. సవాళ్లకు ఎదురొడ్డి నిలవడమని అర్థం. ఉపన్యాసాల్లో, పేపర్లలో బాగుంటుంది. గదిలో హీటింగ్ రావడం లేదని ఓనర్‌కి చెప్పడానికి అదెందుకు? ‘మామ్ ప్రొబ్లెమ్ జ్ ఒగ్జెవాన్యెమ్’ అనండి, హీటింగ్‌తో సమస్య ఉందని. చివరి ‘ఎమ్’ మన ‘తో’ చేసే పనే చేస్తుంది.

మనవాళ్లు ఇంగ్లీషు మీదుగా పోలిష్‌లోకి వెళ్తారు. నేరుగా తెలుగు నుంచి వెళ్తే దారి దగ్గర. ‘నాకు చలిగా ఉంది’ అంటాం కదా, వాళ్లూ అంతే: ‘జిమ్నొ మి’. ‘మి’ అంటే నాకు. ఇంగ్లీషు పద్ధతిలో ‘యెస్తెమ్ జిమ్నీ’ అంటే మనసులో ప్రేమ లేని మనిషినని చెప్పుకున్నట్టు అవుతుంది. ‘నాకు కష్టంగా ఉంది’కి ‘యెస్త్ మి చెంష్కొ’, ‘నాకు దిగులుగా ఉంది’కి ‘స్ముత్నొ మి’. పనులన్నీ నెత్తిన పడితే ‘మామ్ జా దుజొ నా గ్వొవ్యె’. అక్కడా నెత్తే!

ఎలా నెట్టుకొస్తున్నావని స్నేహితులు అడిగే మాట ‘యాక్ సొబ్యె రాజిష్?’. బాగానే నెట్టుకొస్తుంటే ‘రాద్జె సొబ్యె’ అనండి. నేను చూసుకుంటాలే అనడానికి ‘పొరాద్జె సొబ్యె’ లేదా ‘దామ్ రాదె’. ఆ ‘సొబ్యె’ మన ‘చూసుకుంటా’లోని ‘కొను’ లాంటిది, వదిలేయకండి. వదిలేస్తే ‘రాద్జె’ అంటే సలహా ఇస్తున్నానని అర్థం వస్తుంది. గెలిచి బయటపడ్డాక మగవాళ్లు ‘పొరాజివెమ్ సొబ్యె’, ఆడవాళ్లు ‘పొరాజివామ్ సొబ్యె’ అంటారు.

‘రాజిష్’ నువ్వు అని పిలిచే వాళ్ల మధ్య మాట. కౌంటర్ దగ్గరి ఉద్యోగిని, డాక్టర్‌ని ‘పాన్’ (సార్), ‘పానీ’ (మేడమ్) అనే పిలవాలి. ‘చీ మొజె మి పానీ పొముత్స్?’ (మేడమ్, నాకు సాయం చేయగలరా?) అని మొదలుపెడితే పని చాలా తేలికవుతుంది.

ఇక అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ‘న్యె దాయె రాదీ’. నా వల్ల కావడం లేదని. మన పిల్లలు ఇంట్లో వాళ్లకు టెన్షన్ ఎందుకని అన్నీ దాచుకుంటారు, ఇక్కడి వాళ్లతోనూ ‘ఫైన్’ అనే అంటారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ‘న్యె దాయె రాదీ’ అంటే ఇక్కడ ఎవరూ చులకనగా చూడరు. నిద్ర పట్టకపోతే డాక్టర్‌తో ‘న్యె మొగె స్పాచ్’ అనండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి వేరే డాక్టర్ రెఫరల్ లేకుండానే వెళ్లొచ్చు. మనసు కుంగిన పెద్దవాళ్ల కోసం 116 123 అనే ఉచిత ఫోన్ లైన్ ఉంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఏ భాషా వెతుక్కోకుండా 112కి చేయండి, ఇంగ్లీషులో చెప్పినా సరిపోతుంది.