రీడింగుకి బయలుదేరే ముందు కుక్కల సంగతి

పర్లాకిమిడి

చిరంజీవి రమణకి మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీటర్ రీడింగు పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. మీటరు చూడడం మీ ఆఫీసువాళ్ళు నేర్పుతారు. మీటరు దాకా వెళ్ళే దారిలో పడుకున్న కుక్క సంగతి వాళ్ళు చెప్పరు. పశువుల ఆసుపత్రిలో పనిచేసినవాణ్ణి కనక అది నేను రాస్తున్నాను.

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని ఏ గేటూ తియ్యకు. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. అరుపు వదిలేసి ఒళ్ళు చూడు. నాలుగడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేస్తూ మొరిగే కుక్క, ఎవరో వచ్చారని ఇంటివాళ్ళకి చెబుతోంది. దానికి నువ్వు దూరంగా ఉంటే చాలు. మొరుగుతున్నదల్లా ఠక్కున ఆగి, ఒళ్ళు బిగబట్టి, నోరు మూసి, బరువంతా ముందు కాళ్ళ మీదకి తెచ్చి, రెప్ప వెయ్యకుండా నీకేసి చూసిందనుకో, ఇక ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యకు.

తోక ఆడిస్తోంది కదా అని దగ్గరికెళ్ళి కరిపించుకున్నవాళ్ళు చాలామంది. నడుముతో సహా వదులుగా, వెడల్పుగా ఊగే తోక స్నేహానికి గుర్తు. నిటారుగా పైకి లేచి, బిగుసుకుని, కొస మాత్రం చిన్నగా వణుకుతుంటే ఆ కుక్క రెచ్చిపోయి ఉన్నట్టు. కాళ్ళ మధ్యకి ముడిచిందంటే భయం. భయపడ్డ కుక్కకి పారిపోయే దారి ఉంటే పారిపోతుంది, లేకపోతే కరుస్తుంది. వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుంటే కోపమేనని చెప్పలేం, బెదురుకీ లేస్తుంది. ఎలాగైనా అప్పుడు దగ్గరికి పోవలసిన పని లేదు.

గుర్రుమనడానికి ముందు చిన్న చిన్న గుర్తులుంటాయి. తిండి లేకుండానే మూతి నాకుకుంటుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, మొహం పక్కకి తిప్పుకుని కనుగుడ్డు తెల్లగా కనిపించేలా ఓరగా చూస్తుంది. నువ్వు దగ్గరగా ఉన్నావు, కాస్త జరుగు అని దానర్థం. జరిగితే సరిపోతుంది. గుర్రుమన్నందుకు కుక్కని కొట్టే ఇళ్ళలో మరీ జాగ్రత్త. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు.

గుణుపురం, కాశీనగరంలాంటి ఊళ్ళలో పాత వీధుల ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని పొడుగ్గా ఉంటాయి. కుక్క నడవలో పడుకుంటుంది. నువ్వు గుమ్మంలో నిలబడ్డావంటే దానికున్న ఒక్క దారినీ మూసేసినట్టే. అందుకని గుమ్మం ఎక్కకు. వీధిలోనే ఉండి గేటు తట్టు, పిలువు, ఎవరైనా బయటికొచ్చేదాకా ఆగు. 'మా కుక్క ఏమీ చెయ్యదండి' అంటారు. వాళ్ళని ఏమీ చెయ్యదు, నిజమే. నవ్వుతూనే, 'అయినా ఓసారి గదిలో పెట్టి తలుపెయ్యండి' అను. ఒడియా మాట్లాడే ఇంట్లో 'కుకురకు బాంధంతు' (కుక్కని కట్టండి) అంటే చాలు. కట్టాకే లోపలికెళ్ళు. అప్పటికీ గోడవారగా, కుక్కకి ఒక పక్క దారి వదిలి నడువు.

మీటరు ఫొటో తీసేటప్పుడు మొహం గోడకీ వీపు కుక్కకీ పెడతారు అందరూ. పిరికి కుక్క సరిగ్గా ఆ సమయానికే వెనకనుంచి వచ్చి పిక్క పట్టుకుంటుంది. పక్కకి తిరిగి నిలబడి ఫొటో తియ్యి. హెల్మెట్ తీసేశాకే లోపలికెళ్ళు, మొహం కనబడని మనిషంటే కుక్కలకి అనుమానం. వానాకాలం రెయిన్‌కోటు, గొడుగుతోనూ ఇదే గొడవ.

గొలుసుకి కట్టిన కుక్క నిమ్మళంగా ఉందని మోసపోకు. పారిపోయే వీలు దానికి లేదు కనక అదే ముందు కలబడుతుంది. గొలుసు రాసుకుని గడ్డి మొలవని గుండ్రటి జాడ నేల మీద ఉంటుంది, ఆ జాడకి మరో బారెడు అవతల నడువు. గొలుసు పొడవుకి కుక్క పొడవు కూడా కలుస్తుందని చాలామందికి తట్టదు. పట్టీ వదులుగా ఉందా, గుంజ గట్టిగా ఉందా, అదీ చూసుకో.

కొండ దిగువ సవర గూడేలకి వెళ్ళినప్పుడు లెక్క వేరు. అక్కడి కుక్కలు మేకలకీ కల్లాలకీ కాపలా. మంద మధ్యలోంచి అడ్డంగా నడవకు, కల్లం పక్కనుంచి నక్కి రాకు. దూరాన్నుంచే కనబడేలా, మాట వినబడేలా, బాట మీదే రా. ఊరి పొలిమేరలో ఆగి ఒక మనిషిని వెంటబెట్టుకుంటే సగం పని అయినట్టే.

చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు పెద్దలు. అక్టోబరులో ఆ కార్తె రోజుల్లో ఆడకుక్క వెనక మగకుక్కలు గుంపులు కడతాయి, తమలో తాము కొట్టుకుంటాయి. ఆ గుంపుని చీల్చుకుంటూ బండి పోనివ్వకు, వీధి మార్చుకో. కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు, కాబట్టి డిసెంబరు, జనవరిల్లో పిల్లలుంటాయి. ఎప్పుడూ నీ జోలికి రాని కుక్క కూడా అప్పుడు మీద పడుతుంది. గడ్డివాము కింద, మెట్ల కింద, తూములో కుయ్యికుయ్యి వినిపిస్తే పది గజాలు దూరంగా పో.

బండి వెనక పడే కుక్క పరిగెత్తే వస్తువు వెంట పడుతుంది. వేగం పెంచితే ఇంకా పడుతుంది. నిజానికి కాటు కన్నా కింద పడడమే ఎక్కువ ప్రమాదం. మెల్లగా వేగం తగ్గించి ఆపెయ్యి, బండిని నీకూ దానికీ మధ్య ఉంచు. చాలావరకు ఆటకట్టయి వెళ్ళిపోతుంది. కాలితో తన్నబోకు.

నడుస్తుండగా ఎదురొస్తే పరిగెత్తకు, అరవకు. పక్కకి తిరిగి కదలకుండా నిలబడు, చేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకో, దాని కళ్ళలోకి కాక దాని కాళ్ళకేసి చూడు. అది కాస్త తగ్గాక వీపు చూపించకుండా వెనక్కి నడువు. మీదకి దూకితే సంచీ అడ్డం పెట్టు, పళ్ళు సంచీలో దిగనీ. కింద పడితే ముడుచుకో: మోకాళ్ళు పొట్టకి, వేళ్ళు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెవులు కప్పుకో. వంగి రాయి తీసుకున్నట్టు నటించడం వీధికుక్కల దగ్గర పనిచేస్తుంది, ఇంటికుక్క తన ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం రెచ్చిపోతుంది. నిజంగా విసరకు. నెలనెలా ఆ వీధికే వెళ్ళాలి నువ్వు, అది నిన్ను మర్చిపోదు.

నెలనెలా వెళ్ళే ఇళ్ళు కనక మంచి చేసుకోవడం లాభమే, ఇంటివాళ్ళు సరేనంటేనే. ఏడెనిమిది అడుగుల దూరంలో ఆగి పక్కకి తిరిగి నిలబడు. దాన్నే రానీ. చెయ్యి చాపకు, కిందికి వేలాడనివ్వు, వాసన చూసుకుంటుంది. ఒళ్ళు వదులుగా ఉంటే గడ్డం కిందో రొమ్ము పక్కనో మూడు సెకన్లు రాసి చెయ్యి తీసెయ్యి. ఇంకా కావాలంటే అదే ఆనుకుంటుంది, లేకపోతే వదిలెయ్యి. నెత్తిమీద చెయ్యి వెయ్యకు, మీదకి వంగకు. తింటున్నదాన్ని, నిద్రపోతున్నదాన్ని అసలు ముట్టకు. బిస్కెట్టు పెడితే చేత్తో కాదు, పక్కన నేల మీద వెయ్యి. నాలుగు కుక్కలున్న చోట అదీ వద్దు, ఆ కొట్లాట నీ కాళ్ళ మీదకే వస్తుంది.

ఇంత చేసినా పన్ను గీరుకోవచ్చు. వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడుగు. రేబిస్ క్రిమి చొంగలో ఉంటుంది, కడగడంతోనే చాలా పోతుంది. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టకు, కట్టు కట్టకు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు, గుణుపురం ఆసుపత్రిలో కాకపోతే పర్లాకిమిడి పెద్దాసుపత్రికి. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత మందు తయారీ 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే సూదులు 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, మొదటి సూది వేసిన రోజే 0. రక్తం వచ్చిన కాటైతే గాయం చుట్టూ సీరం (ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు) కూడా వెయ్యాలి, అది అడిగి వేయించుకో. కుక్కని పది రోజులు కనిపెట్టమంటారు. కనిపెట్టు, కానీ సూది ఆపి మాత్రం కాదు. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్క, సాధారణంగా అప్పుడే రేబిస్ టీకా కూడా వేసి ఉంటారు. ఆ టీకా ఏటా వెయ్యాల్సింది కాబట్టి ఆ గుర్తు చూసి ధైర్యపడకు. దవడ వేలాడుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ, గొంతు మారిన కుక్క కనిపిస్తే ఆ వీధి రీడింగు మర్నాటికి వాయిదా వేసి, వీధివాళ్ళకి చెప్పి పో. మూలకి చేరి మందంగా పడున్నా రేబిస్ కావచ్చు, జాలిపడి నీళ్ళు పట్టబోకు.

నీ పనికి ముందస్తు టీకా మంచిది: 0, 7, తర్వాత 21 లేదా 28వ రోజు. అవి వేయించుకుని ఉంటే తర్వాత కాటు పడ్డా 0, 3 రోజుల్లో రెండు సూదులతో సరిపోతుంది, సీరం అక్కర్లేదు. చీటీ ఫొటో తీసి ఫోనులో పెట్టుకో. కొనుక్కోవలసి వస్తే డబ్బు నేను పంపుతాను, మీ అమ్మని అడగకు.

మీ పెద్ద మావయ్య