కుర్రాళ్లు తీవ్రవాదంలోకి జారే కథలో ఆ మార్పును నమ్మేలా రాయడం ఎలా?

నలుగురు కుర్రాళ్లు రాజకీయ తీవ్రవాదంలోకి వెళ్లే సినిమా రాస్తున్నానని, చదివినవాళ్లంతా "వీళ్లు ఇంత తొందరగా ఎలా మారిపోయారు?" అంటున్నారని అడిగారు. ఇలాంటి స్క్రిప్టుల్లో లోపం చాలాసార్లు నాయకుడి ప్రసంగం దగ్గరే దొరుకుతుంది. ఇరవయ్యో పేజీలో ఆయన ఊగిపోతూ మాట్లాడతాడు, ఇరవై రెండో పేజీలో కుర్రాడి చేతిలో కర్ర ఉంటుంది. ప్రసంగం వినగానే చేరిపోయేవాళ్లు తక్కువ. ముందు స్నేహం, సిద్ధాంతం ఆ తర్వాత.

షేన్ మెడోస్ 2006లో తీసిన 'దిస్ ఈజ్ ఇంగ్లండ్' చూడండి. కథ 1983లో జరుగుతుంది. ఫాక్లండ్స్ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పన్నెండేళ్ల పిల్లాణ్ని ఒక గుంపు చేరదీస్తుంది. గుండు చేస్తారు, చొక్కా ఇస్తారు, నవ్విస్తారు. ఆ గుంపులో పాతవాడైన కాంబో జైలు నుంచి వచ్చాకే విద్వేష రాజకీయం మొదలవుతుంది. అప్పటికే పిల్లాడికి ఆ గుంపు ఇల్లయిపోయింది.

మీది 110 పేజీల స్క్రిప్టు అయితే (పేజీకి ఇంచుమించు ఒక నిమిషం) మొదటి 25 పేజీల్లో సిద్ధాంతం ఊసెత్తకండి. తర్వాత చిన్న చిన్న పనులు చెప్పించండి: పోస్టర్లు అంటించడం, ఒక సంచి రాత్రికి దాచిపెట్టడం, వీధి చివర కాపలా. ప్రతిసారీ కాదనే వీలుండాలి. కాదనలేకపోవడానికి కారణం నమ్మకం కాదు, మొహమాటం. ఆపైన వెనక్కి తీసుకోలేని పని ఒకటి జరగాలి. చేసినదానికి సమర్థన కావాలి కాబట్టి, సిద్ధాంతాన్ని అప్పుడు గట్టిగా పట్టుకుంటాడు. చాలామంది ఈ వరస తిరగేసి రాస్తారు.

సర్వనామాల కోసమే డైలాగులన్నీ ఒకసారి చదవండి. మొదట్లో కుర్రాడు "నేను" అంటాడు. చేరదీసినవాడు "మనం" అంటాడు. అమ్మతో మాట్లాడుతూ "మేము" అన్న రోజున ఆవిడ బయటి మనిషైపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తెలుగులో రాయడం వల్ల దొరికిన వెసులుబాటు ఇది, వదులుకోకండి.

నలుగురికీ ఒకే గాయం పెట్టొద్దు. ఒకడికి కోపం, ఒకడికి ఒంటరితనం, ఒకడికి సరదా, ఒకడు కేవలం వాళ్లన్నయ్య వెళ్లాడని.

ఎక్కువగా దెబ్బతినేది హింస సీను. స్లో మోషన్, నేపథ్య సంగీతం, కింది నుంచి పెట్టిన కెమెరా కలిస్తే ఖండించాల్సిన సీను ప్రచార వీడియో అవుతుంది. దాన్ని మూడు నిమిషాల ముక్కగా కోసి, ముందూ వెనకా తెలియని మనిషికి చూపించండి. వాడికి హుషారెక్కితే సీను తప్పు. పశ్చాత్తాపం అరగంట తర్వాత వస్తుందంటే కుదరదు, ఫోన్లలో తిరిగేది ఈ ముక్క ఒక్కటే. దెబ్బతిన్నవాడి ముఖం, దెబ్బ పడ్డాక వచ్చే నిశ్శబ్దం, కొట్టినవాడి చేతుల వణుకు ఆ మూడు నిమిషాల్లోనే ఉండాలి.

బయటికి రావడం కూడా ఎవరో మంచి మాట చెప్పినందుకు జరిగినట్టు రాయకండి. ఎక్కువగా విసుగొచ్చి వస్తారు: నాయకుడి రెండు నాల్కలు, లోపలి అనుమానాలు, అలసట. వచ్చాక పాత స్నేహితులుండరు, కొత్తవాళ్లు నమ్మరు. తీవ్రవాద గుంపులు వదిలి వచ్చేవాళ్లకు సాయపడే సంస్థలు, జర్మనీలో 2000లో మొదలైన ఎగ్జిట్ డాయిష్‌లాండ్ లాంటివి, ఉన్నది అందుకే. మీ చివరి ఇరవై పేజీలు ఆ ఖాళీకి ఇవ్వండి, ఎన్‌కౌంటర్‌కి కాదు.