డాక్టర్ సలహా: మతిమరుపు పది రోజుల్లో ముదరదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మకు 69 ఏళ్లు, రెండేళ్లుగా మతిమరుపు. బరంపురంలో స్కానింగ్ తీసి అల్జీమర్స్ అన్నారు. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 13 మార్కులు వచ్చాయి. మతిమరుపుకు డోనెపెజిల్ అనే మాత్ర వాడుతోంది. మెదడులో వాపు వల్ల, గ్లియల్ కణాలు (మెదడులో నాడీకణాలకు తోడుగా ఉండేవి) అదుపు తప్పడం వల్ల ఈ జబ్బు ముదురుతుందని ఒక వీడియోలో చూశాను. అమ్మ మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చిన మాత్రలు నాలుగు నెలలుగా వేస్తున్నాం. అవి వాపు తగ్గించేవే కదా, మెదడుకూ పనిచేస్తాయా? ఇంకొకటి పెంచమంటారా? పసుపు క్యాప్సూల్స్ మంచివేనా? బీపీ మాత్ర కూడా ఉంది. ఫొటోలు పంపుతున్నాను. పది రోజులుగా పగలంతా మగతగా ఉంటోంది, రాత్రిళ్లు గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతోంది. మూడు వారాల కిందట పెరట్లో జారి పడింది కానీ దెబ్బేమీ తగల్లేదు.

సమాధానం: మీరు ఆఖర్న రాసిన రెండు వాక్యాలే నన్ను భయపెట్టాయి. గ్లియల్ కణాల సంగతి తర్వాత. అమ్మను ఇవాళే సీటీ స్కాన్, రక్తపరీక్షలు ఒకేచోట దొరికే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరంపురమా, శ్రీకాకుళమా అని తర్జనభర్జన వద్దు, ఏది ముందు అందితే అది. లేపినా లేవకపోతే, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతే, వాంతులైతే 108కి ఫోన్ చేయండి. ఈ శీర్షిక వచ్చేది వారానికి ఒకసారి కాబట్టి పోర్టల్ వాళ్లతో మీకు విడిగా మెయిల్ పెట్టించాను. కింద రాసేది మీలాంటి మిగతావాళ్ల కోసం కూడా.

అల్జీమర్స్ ఏళ్ల తరబడి మెల్లగా దిగజారే జబ్బు. పది రోజుల్లో మనిషి మారిపోయిందంటే, దాని మీద ఇంకొకటేదో వచ్చి పడిందని మేం అనుమానిస్తాం. పగలు మగత, రాత్రి లేనివి కనిపించడం, గంటకో తీరుగా ఉండడం, ఇవన్నీ కలిస్తే డెలీరియం అంటాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, షుగర్, కిడ్నీ దెబ్బ, మందులు, తలలో రక్తం గడ్డ, ఏదైనా కావచ్చు. మనిషిని చూడకుండా నేను ఇది ఫలానా అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ‘ఏటి బాబూ, వయసు మీద పడితే మతి పోదేటి’ అని ఇంట్లో కూర్చోబెడితే మాత్రం లేదు.

ఆ జారిపడడం గురించి ఒక మాట. వయసుతో మెదడు కాస్త ముడుచుకుంటుంది, పైన ఉన్న సన్నని రక్తనాళాలు సాగి బిగుసుకుని ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి చిట్లి, రక్తం చుక్క చుక్కగా వారాల తరబడి చేరుతుంది. పైకి బొప్పి కూడా కట్టదు. గుణుపూర్ వైపు నుంచి ఒకాయన్ని ఇలాగే నెల తర్వాత తీసుకొచ్చారు, ‘మతిమరుపు ముదిరిపోయిందండీ, ఒకసారి చూసి మందు మార్చండి’ అని. స్కాన్‌లో తలకు ఎడమవైపు అరచేయి వెడల్పున రక్తం. ఆపరేషన్ అయిన మూడోరోజు ఆయన నన్ను అడిగిన మొదటి మాట, వరి కోశారా అని. అందరికీ అలా జరగదు. అయినా స్కాన్ తీయకపోతే అసలు తెలియదు కదా.

ఇక మీ ఫొటోలు. మొదటిదాంట్లో కాగితం పొట్లంలో మూడు రకాల విడి మాత్రలున్నాయి. ఒకటి చించిన స్ట్రిప్ ముక్క, దాని మీద ‘డెక్సా’ వరకే కనిపిస్తోంది. ఇంకోదాని మీద డైక్లోఫెనాక్ అని స్పష్టంగా ఉంది, అది నొప్పి మాత్ర. మూడోది ఏమిటో పొట్లం కట్టినాయనకే తెలియాలి. డెక్సా అంటే నేననుకున్నదే అయితే అది స్టెరాయిడ్. నాలుగు నెలలు! మోకాలికి హాయిగానే ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ కొనుక్కుంటాం. అది షుగర్ పెంచుతుంది, ఇన్‌ఫెక్షన్లను దాచిపెడుతుంది, ఎముకలు గుల్ల చేస్తుంది, మనసును గందరగోళంలో పడేస్తుంది. నా మాట విని దాన్ని ఇవాళే ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. అన్నాళ్లు వాడినవాళ్లకు ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. చేర్చుకున్న డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది ఈ సంగతే. డైక్లోఫెనాక్ మాత్రం ఆపండి.

రెండో ఫొటోలోని బీపీ మాత్రలో నీరు పోయే మందు కూడా కలిసి ఉంది. అది ఒక్కటే కొందరు పెద్దవాళ్లలో సోడియం తగ్గిస్తుంది. దానికి డైక్లోఫెనాక్ తోడైతే కిడ్నీ మీద దెబ్బ మీద దెబ్బ. అదే డైక్లోఫెనాక్ డోనెపెజిల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం భయం ఒకటి. మీకు కాస్త దూరంలోనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. కారణం ఏదైనా, నెలల తరబడి వేసే నొప్పి మాత్ర ఏ కిడ్నీకీ మేలు చేయదు. ఇంత దగ్గర్లో ఉండి, అంత కథ విని కూడా పొట్లం మాత్రలు వాడుతున్నారంటే నాకు కోపం వస్తుంది బాబూ, ఏమనుకోకండి. నిద్రకో జలుబుకో ఇంకేమైనా ఇస్తున్నారా? మీరు రాయలేదు. జలుబు మాత్రల్లో పాతరకం అలర్జీ మందు ఉంటే డోనెపెజిల్ చేసే పనిని అది చెడగొడుతుంది.

సరే, మీరు అడిగిన ప్రశ్న. చిక్కంతా ‘వాపు’ అనే మాటతో వచ్చింది. కాలు వాచినా, మెదడులో నీరు చేరినా, ఇన్‌ఫ్లమేషన్ అయినా మనకు అన్నీ వాపే. అల్జీమర్స్‌లో జరిగేది బెణికిన మోకాలి వాపు కాదు. మీరు వీడియోలో విన్న గ్లియల్ కణాల్లో మైక్రోగ్లియా అనేవి ఒక రకం. చెత్త ఎత్తడం, కాపలా కాయడం రెండూ వాటి పనే. అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంటే చుట్టూ చేరి తినేస్తాయి. ఈ పేరుకోవడం మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. అన్నేళ్లు పనిచేసి పనిచేసి అవి రేగిపోతాయి, అవి వదిలే రసాయనాలు మంచి నాడీకణాల మధ్య అతుకుల్నీ దెబ్బతీస్తాయి. ఆస్ట్రోసైట్లు అనే మరో రకం గ్లియా కూడా ఇందులో కలుస్తాయి. ఇదేమీ నిన్నమొన్నటి మాట కాదు, 1907లో అచ్చయిన తన వ్యాసంలోనే ఆలోయిస్ అల్జీమర్ గ్లియా కణాల్లో కొవ్వు తిత్తులు చూశానని రాశాడు. మనమే చాలాకాలం పట్టించుకోలేదు.

మరి వాటిని అణిచేస్తే పోలేదా? 2013లో ట్రెమ్2 అనే జన్యువు సంగతి బయటపడింది. అది మైక్రోగ్లియా సరిగా పనిచేయడానికి కావలసిన జన్యువు. దానిలో ఒక రకం లోపం ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు రెండు మూడు రెట్లు. అంటే ఈ కణాలు రేగినా నష్టమే, చతికిలపడినా నష్టమే. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాపు తగ్గించే మందులు వాడేవాళ్లలో ఈ జబ్బు తక్కువ కనిపించడంతో ఒకప్పుడు మీలాగే డాక్టర్లూ ఆశపడ్డారు. జబ్బు వచ్చినవాళ్లకు 2000లో ప్రెడ్నిసోలోన్ జాతి స్టెరాయిడ్, 2003లో నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర ఇచ్చి చూశారు, ఫలితం లేదు. ఆస్పిరిన్‌ను 19 వేల మంది పెద్దవాళ్లకు ఇచ్చి చూస్తే డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. మైక్రోగ్లియాను ఉత్తేజపరిచే ఒక కొత్త మందు కూడా 2024లో రెండో దశ ప్రయోగంలోనే విఫలమైంది. కాబట్టి మెదడు కోసం మాత్ర పెంచడం అనే ఆలోచన మానుకోండి. పసుపు చారులో, కూరలో వేసుకోండి. క్యాప్సూల్స్ వద్దు, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

ఆ 30కి 13 మార్కుల గురించి. పరీక్ష ఒడియాలో పెట్టారా, తెలుగులోనా? అమ్మ చదువు ఏ భాషలో, ఎంతవరకు? మీ వైపు వాళ్లు బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడతారని తెలుసు. (రెండు భాషలవాళ్లకు డిమెన్షియా నాలుగైదేళ్లు ఆలస్యంగా బయటపడుతుందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో రాసింది. వచ్చాక ఆపే శక్తి దానికి లేదు.) కానీ ‘ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకో అమ్మా’ అన్నది రాని భాషలో అడిగితే ఎవరికైనా మార్కులు తగ్గుతాయి. ఈ గండం గడిచాక, నెల రెండు నెలలాగి, తెలుగులో మళ్లీ చేయించండి. బీ12, థైరాయిడ్ చూడకపోయి ఉంటే అవీ. చెవులు వినిపిస్తున్నాయో లేదో కూడా.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ పొట్లం ఉన్నది ఉన్నట్టుగా, బీపీ స్ట్రిప్, డోనెపెజిల్, పాత స్కాన్ పట్టుకెళ్లండి. అమ్మ కళ్లజోడు మర్చిపోకండి, చూపు ఆనకపోతే చీమలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. రాత్రి వార్డులో ఆమెతో తెలుగు మాట్లాడేవాళ్లు ఒకరు ఉండేలా చూడండి. ఈ స్థితిలో కొందరికి తర్వాత నేర్చిన భాష అందదు. నర్సు ఒడియాలో అడిగితే ఆమె పలకకపోవచ్చు, పలకలేదని అది కేస్ షీట్‌లో ఇంకోలా ఎక్కవచ్చు.