ఇమ్యునైజేషన్ అంటే ఏమిటి? వ్యాక్సినేషన్ అన్నా అదేనా?

రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం కానీ, తేడా ఉంది. వ్యాక్సినేషన్ అంటే టీకా వేయడం, నిమిషంలో అయిపోయే పని. ఇమ్యునైజేషన్ అంటే ఆ టీకా వల్ల ఒంటికి ఫలానా జబ్బును తట్టుకునే శక్తి రావడం. దానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. అందుకే టీకా వేయించుకున్న మర్నాడే ఇక భయం లేదనుకోకండి. కొన్ని టీకాలైతే రెండు మూడు డోసులు పూర్తయితే గానీ గట్టి రక్షణ ఇవ్వవు. మధ్యలో ఆపేస్తే వ్యాక్సినేషన్ జరిగినట్టే, ఇమ్యునైజేషన్ మాత్రం సగంలో ఉన్నట్టు.

మాట పుట్టుక కూడా బాగుంటుంది. లాటిన్‌లో ‘ఇమ్యూనిస్’ అంటే పన్నులు, ప్రజాబాధ్యతల నుంచి మినహాయింపు పొందినవాడు. ఆ మినహాయింపే తర్వాత జబ్బుల విషయంలోనూ వాడుకలోకి వచ్చింది. ‘వ్యాక్సిన్’ మాత్రం ఆవును సూచించే ‘వాకా’ నుంచి వచ్చింది. 1796లో ఇంగ్లండ్ వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి (ఆవులకు వచ్చే మశూచి లాంటి జబ్బు) పొక్కులోని రసిని ఒక బాలుడికి ఎక్కించి, మశూచి నుంచి రక్షణ కల్పించవచ్చని చూపించాడు. ఆ మశూచి 1980 నాటికి లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

టీకా లేకుండానూ ఇమ్యునైజేషన్ ఉంటుంది. కుక్క కరిచి గాయమైతే, టీకాతో పాటు ఆ గాయంలో, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు కదా! అవి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, అంటే రోగక్రిములను అడ్డుకునే ప్రొటీన్లు. వెంటనే పనిచేస్తాయి, కానీ ఎక్కువ కాలం నిలవవు. దీన్ని పాసివ్ ఇమ్యునైజేషన్ అంటారు.

తెలుగులో ‘టీకాలు వేయడం’ అనే అనువాదం వాడుకలో ఉంది. నా ఉద్దేశంలో ‘రోగనిరోధకత కల్పించడం’ అంటేనే పూర్తి అర్థం వస్తుంది.