కాసులపేరు అమ్మి అప్పు తీర్చేయాలా? దేవుడి పెట్టెలోని నాణేలను ఏం చేయాలి?

ప్రశ్న: మాది తణుకు. మా అత్తగారు కిందటేడు కాలం చేశారు. పోయే ముందు 18 కాసులున్న తన కాసులపేరు నా చేతిలో పెట్టి, "ఇది నీది" అన్నారు. తర్వాత దేవుడి గదిలో ఒక చెక్కపెట్టె దొరికింది. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే 21 వెండి రూపాయలు, పసుపు గుడ్డలో కట్టిన తిరుపతి ముడుపు, గుప్పెడు చెల్లని పావలాలు అందులో ఉన్నాయి. మాకు 6 లక్షల పర్సనల్ లోన్ ఉంది. వడ్డీ 14 శాతం, ఇంకా మూడేళ్ళు కట్టాలి. ఇంట్లో ఇంత పెట్టుకుని అప్పు మోయడం దేనికి, అన్నీ అమ్మేద్దాం అంటున్నారు మావారు. నాకు చేతులు రావడం లేదు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వెండి రూపాయలు అమ్మ గుర్తుగా తనకు కావాలంటోంది. మామగారు లేరు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారు "అన్నీ" అన్న చోటే చిక్కు వచ్చింది. ఆ పెట్టెలోవీ, మీ మెడలోదీ ఒకే రకం సొత్తు కాదు. విడదీసి చూస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందు ముడుపు సంగతి. అది మీ ఆస్తి లెక్కలోకి రాదు. మీ అత్తగారు ఏదో కష్టంలో స్వామికి మొక్కుకుని కట్టిన మాట అది. ఎంతుందో విప్పి చూడకండి. ఇన్నేళ్ళకు వడ్డీ ఎంత కలపాలి అని చాలామంది నన్ను అడుగుతుంటారు. మొక్కుకు వడ్డీ కట్టమని నేను ఎవరికీ చెప్పను. ఉన్నది ఉన్నట్టు హుండీలో వేయండి, మనసుకు తోస్తే మీ వంతు కొంత కలపండి. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ముడుపులో అలాంటివి ఉంటాయేమోనని వెనకాడొద్దు. దేవుడికిచ్చిన దాన్ని అంగడి లెక్కతో చూడక్కర్లేదు.

పెట్టెలోని విడి పావలాలను పూజకే ఉంచుకోండి. భోగి నాడు రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులతో కలిపి పిల్లల తల మీద పోసే చిల్లరకి అవి భేషుగ్గా పనికొస్తాయి. మన ఇళ్ళల్లో నాణేనికి కొనుగోళ్ళతో సంబంధం లేని పనులు చాలానే ఉన్నాయి. తాంబూలంలో రూపాయి పెడతాం, గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే కిటికీలోంచి నాణెం వేసి దణ్ణం పెట్టుకుంటాం, చివరి ప్రయాణంలో దారి పొడవునా చిల్లర చల్లుతాం. పెళ్ళి చదివింపుల్లో నూటపదహార్లు కూడా పాత రూపాయి లెక్క నుంచే వచ్చాయని పెద్దలు చెబుతారు. నిజాం రాజ్యంలో నడిచిన హాలీ సిక్కా రూపాయలు 116 పైచిలుకు ఇస్తే ఇంగ్లీషువాళ్ళ రూపాయలు వంద వచ్చేవి. ఆ మారకం రేటు మాత్రం నిజమే. ఇలాంటి ఖర్చును ఏ ఇంటి బడ్జెట్‌లోనూ కోయమని నేను చెప్పను. ఏడాది మొత్తం కూడినా పెద్దగా తేలదు.

ఇక వెండి రూపాయలు. ఒక్కో దాని మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. 1940కి ముందు ముద్రించిన రూపాయి 11.66 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 92 శాతం వెండే. యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే. 21 నాణేల్లో 12 పాతవి, 9 యుద్ధకాలానివి అనుకుందాం. మొత్తం మీద తేలే అసలు వెండి 180 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆరు లక్షల అప్పు ముందు అది చిన్న మొత్తం. దానికోసం ఏటా శ్రావణ శుక్రవారం కలశం ముందు పెట్టే వాటిని కరిగిస్తే మీకు మిగిలేది బాధే.

ఏదైనా అరుదైనది ఉందేమో తెలియాలంటే నాణేల గురించి తెలిసినవాళ్ళకు చూపించండి. ఈలోపు చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమకండి. అక్షరాలు అరిగితే సేకరించేవాళ్ళు ఇచ్చే ధర పడిపోతుంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామంటూ ఫోన్లో వచ్చే ప్రకటనలను నమ్మకండి. ముందుగా కమీషన్ అని, పన్ను అని గుంజడమే వాళ్ళ పని. తన పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

వెండి రూపాయల విషయంలో ఇంకో మాట ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కాసులపేరు మీ అత్తగారు తన చేత్తో మీకిచ్చారు. అది మీ స్త్రీధనం. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 14వ సెక్షన్ ప్రకారం దాని మీద పూర్తి హక్కు మీది. అమ్మాలా వద్దా అన్నది మీరే తేల్చాలి, మీవారు సలహా చెప్పొచ్చు. పెట్టెను మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. వీలునామా లేకపోతే దాంట్లో మీవారికి ఎంత హక్కు ఉందో మీ ఆడపడుచుకీ అంతే ఉంది. ఆమె అడగడంలో తప్పేమీ లేదు, ఇవ్వడమే న్యాయం. అయితే వందేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడానికి మామూలు మనుషులకు అనుమతి లేదు. విక్టోరియా రాణి, ఎడ్వర్డ్ రాజు బొమ్మలున్నవన్నీ వందేళ్ళు దాటినవే. అయిదో జార్జివి అయితే సంవత్సరం చూసుకోవాలి. వందేళ్ళు నిండనివి ఆమె వాటాకి వేయండి. పాతవాటిలోనూ భాగం కావాలంటే ఆమె పేరున ఇక్కడే లాకర్లో ఉంచండి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి పంపించకండి.

ఇప్పుడు అసలైనది, కాసులపేరు. మీకు చేతులు రాకపోవడం నాకు అర్థమవుతోంది. లక్ష్మీ కాసుల హారాన్ని తిరుమల నుంచి తిరుచానూరుకు ఊరేగింపుగా తీసుకెళ్ళి అమ్మవారికి అలంకరించే సంప్రదాయం మనది. కానీ ఆ నగను ఎలా కట్టారో ఒక్కసారి దగ్గరగా చూడండి. ప్రతి కాసుకీ దాని కొక్కెం దానికే ఉంటుంది. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక కాసు చేర్చుకోవడానికి, కష్టం వస్తే ఒకటి తీయడానికి వీలుగా కట్టిన నగ అది. బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్ళు తమ పేరున దాచుకున్న పొదుపు ఇదే. అవసరానికి వాడుకుంటే అమ్మవారికి అపచారమేమీ కాదు.

అయినా అమ్మమని చెప్పను, తాకట్టు పెట్టమంటాను. లెక్క చూడండి. ఇప్పుడు మీ ఈఎంఐ సుమారు 20,500. బంగారం మీద బ్యాంకు అప్పు 9.5 శాతానికి దొరికిందనుకుందాం. అదే 20,500 నెలనెలా కడుతూ పోతే 34వ నెలలో అప్పు తీరుతుంది, మొత్తం మీద 50 వేలు మిగులుతాయి. కాసులపేరు మళ్ళీ మీ మెడలోకి వస్తుంది. నెలనెలా అసలు కూడా తగ్గే పద్ధతినే అడగండి. ఏడాది చివర వడ్డీ కట్టి తిరగరాసే పద్ధతిలో అసలు అలాగే కూర్చుంటుంది, చివరికి వేలం నోటీసు వస్తుంది. మీవారు నెలనెలా కట్టగలనని గట్టిగా అనలేకపోతే తాకట్టు జోలికి పోకండి. అప్పుడు కావలసినన్ని కాసులే విప్పి అమ్మండి.

అమ్మాల్సి వస్తే ముందు ఒక్కో కాసును తూకం వేయించండి. ఒక వైపు రాణిదో రాజుదో తల, మరో వైపు గుర్రం మీద వీరుడు ఉంటే అది సవర, అంటే ఇంగ్లీషువాళ్ళ బంగారు నాణెం కావచ్చు. దాని బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. లక్ష్మీదేవి అచ్చు ఉన్నవి కంసాలి చేసినవి, వాటి నాణ్యతను హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించాలి. కొక్కెం అతికిన సవరకి నాణెంగా ఎక్కువ ధర రావడం కష్టం, బంగారం ధరే వస్తుంది. అమ్మగా వచ్చిన లాభం మీద 12.5 శాతం పన్ను, దాని పైన సెస్ ఉంటుంది. అత్తగారు 2001 ఏప్రిల్ 1కి ముందే కొని ఉంటే ఆ రోజు ధరను కొన్న ధరగా చూపించుకోవచ్చు. 2 లక్షలు, ఆపైన నగదు రూపంలో తీసుకోకండి, బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి.

ఈ వారంలో రెండు పనులు చేయండి. లోన్ ఇచ్చినవాళ్ళ దగ్గర ముందే తీర్చేస్తే పడే చార్జీ ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. అది 50 వేలకు దగ్గరగా ఉంటే ఉన్న లోనునే కొనసాగించడం మేలు. రెండోది, ఆడపడుచుకి వీడియో కాల్ చేసి, ఆమె చూస్తుండగా 21 రూపాయలనూ సంవత్సరాల వారీగా కాగితం మీద రాసి, ఆ ఫోటో ఇద్దరి దగ్గరా ఉంచుకోండి.