జీతం లేని ఇంటర్న్‌షిప్‌కి డబ్బు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. సినిమాలకీ యాడ్స్‌కీ సెట్లు డిజైన్ చేసే ముంబై స్టూడియో ఒకదాంట్లో మే, జూన్ నెలలకి ఇంటర్న్‌షిప్ వచ్చింది. స్టైపెండ్ లేదట. మావారిది చిన్న టైలరింగ్ షాపు. పీజీకి (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌కి) నెలకి 14,000, తిండికి 7,000, తిరగడానికి 2,000, రానుపోను రైలుకీ సామాన్లకీ కలిపి 6,000, మొత్తం 52,000 అవుతుందని లెక్క వేసింది. అమెరికాలో చదివే మా ఆడపడుచు కూతురికి ఇలాంటిదానికే వాళ్ల యూనివర్సిటీ డబ్బిచ్చిందట. మన దగ్గర అలాంటివి ఉన్నాయా, లేక అప్పు చేసి పంపాలా? (హనుమకొండ నుంచి ఒక తల్లి)

జవాబు:

అప్పు మాత్రం చేయకండమ్మా, ఇప్పుడే అయితే అసలు వద్దు. ఎందుకంటే ఈ 52,000లో ఎంత తగ్గించవచ్చో మీరింకా చూడలేదు, పైగా అడగాల్సిన మొదటి మనిషిని ఇంకా అడగలేదు. ఆ మొదటి మనిషి ఏ ట్రస్టూ కాదు, ఆ స్టూడియోయే.

మీ ఆడపడుచు కూతురి సంగతి నిజమే. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో, జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసే పిల్లల కోసమే కెరీర్ సెంటర్ దగ్గర విడిగా ఫండ్ ఉంటుంది. వేసవికి కావాలంటే అంతకు కొన్ని నెలల ముందే అప్లై చేయాలి. (ఇది చదివే వాళ్లలో పిల్లలు అక్కడ ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట: డబ్బు సంగతి తర్వాత, ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేయడానికి ఇచ్చే పర్మిషన్) గురించి అడిగించండి, జీతం లేదు కదా పర్మిషన్ ఎందుకని ఊరుకోవద్దు.) అయితే అక్కడ కూడా ఈ విషయం కోర్టు దాకా వెళ్లింది. ఫాక్స్ సర్చ్‌లైట్ అనే సినిమా కంపెనీ మీద, జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు కేసు వేస్తే, 2015లో అప్పీల్ కోర్టు చెప్పింది ఏమిటంటే, ఆ ఏర్పాటు వల్ల ప్రధానంగా లాభపడేది విద్యార్థా, కంపెనీయా అన్నది చూడాలని. మన దగ్గర ఏ దాతని అడిగినా ఆయన మనసులో వచ్చే ప్రశ్న కూడా అదే. "లాభాలు తీసే స్టూడియో మీ అమ్మాయి చేత పని చేయించుకుంటుంటే, ఖర్చు నేనెందుకు పెట్టాలి?" దీనికి మీ దగ్గర జవాబు ఉండాలి. అది స్టూడియో నుంచి కాగితం మీద రావాలి.

అందుకే ఈ వారంలోనే మీ అమ్మాయి చేత వాళ్లకి ఒక మెయిల్ రాయించండి. బతిమాలుతున్నట్టు వద్దు, సూటిగా ఉండాలి. రోజుకి ఎన్ని గంటలు, ఎవరి కింద పని, ఏం నేర్పిస్తారు, చేసిన డ్రాయింగులూ మోడళ్లూ పోర్ట్‌ఫోలియోలో (తన పనులు చూపించే ఫైల్లో) పెట్టుకోనిస్తారా, ఇవన్నీ అడగాలి. ఆ తర్వాత డబ్బు మాట: నెలకి 10,000 ఇవ్వగలరా? కుదరదంటే మధ్యాహ్నం భోజనం, రానుపోను చార్జీలైనా? అదీ కాదంటే, మొదటి నెల కంప్యూటర్ మీద చేసే త్రీడీ మోడళ్లు, రెఫరెన్సులు సేకరించే పని హైదరాబాద్ నుంచే చేసి, రెండో నెల మాత్రం ముంబై వస్తానని అడగవచ్చు. ఈ మూడోది చాలామందికి తట్టదు, కానీ డబ్బు పెట్టకుండానే ఒప్పుకోగలిగింది కాబట్టి స్టూడియోలు దీన్ని కాస్త తేలిగ్గా ఆలోచిస్తాయి. ఇలా అడిగితే ఉన్న అవకాశం పోతుందేమోనని మీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. మర్యాదగా ఖర్చుల గురించి అడిగిన పాపానికి అవకాశం తీసేసే చోట రెండు నెలలు ఆడపిల్లని ఉంచడం నాకైతే ఇష్టం లేదు. ఇక ఇంటర్న్‌షిప్ కోసం ఎదురు డబ్బు కట్టమంటే ఆ మాటతోనే వదిలేయండి.

ఒక నెలకే ముంబై అయితే లెక్క ఎంత మారుతుందో చూడండి. 14, 7, 2, పైన 6, అంటే 29,000. అందులో భోజనం, చార్జీల కింద స్టూడియో 5,000 ఇస్తే 24,000. మీరు 8,000 పెట్టగలిగితే లోటు 16,000. ఊరికే 52,000 కావాలని అడగడానికీ, "మేమింత పెడుతున్నాం, స్టూడియో ఇంత ఇస్తోంది, 16,000 తక్కువైంది" అని అడగడానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి సాయం చేసేవాళ్లు దొరుకుతారు. ఇంకో సంగతి, మీ లెక్కలో పీజీ డిపాజిట్ లేదు. అది తిరిగి వచ్చేదే అయినా ముందు చేతిలో ఉండాలి కదా.

అసలు బస ఖర్చు మీదే గట్టిగా పట్టండి, ఎందుకంటే సగం డబ్బు అక్కడే పోతోంది. కేంద్రం సాయంతో నడిచే వర్కింగ్ విమెన్ హాస్టళ్లలో (ఇప్పుడు సఖీ నివాస్ అంటున్నారు) ఉద్యోగం కోసం ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయిలకి కూడా, ఖాళీ ఉంటే, 30 శాతం సీట్ల వరకూ ఇవ్వవచ్చని నిబంధన ఉంది. స్టూడియో లెటర్, కాలేజీ లెటర్ రెండూ పెట్టి అడగాలి. ముంబైలో, పక్కన భివండిలో మన వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ వీధిలో నలుగురిని అడిగితే ఎవరో ఒకరి బంధువులు తేలతారు. భివండి నుంచి రోజూ తిరగడం మాత్రం కష్టం, దూరం చూసుకోండి.

ఇక ప్రభుత్వ పథకాలు. వీటి దగ్గర చాలామంది టైమ్ పోగొట్టుకుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. 2024 అక్టోబర్‌లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో, అది పెట్టినప్పటి నిబంధనల ప్రకారం, నెలకి 5,000 ఇస్తారు గానీ, అది 21 నుంచి 24 ఏళ్ల లోపు ఉండి ఫుల్‌టైమ్ చదువులో లేనివాళ్లకి, అదీ పథకంలో ఉన్న కంపెనీల్లోనే. మీ అమ్మాయికి ఇప్పుడు పనికిరాదు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ వేరే: 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. చిత్రలేఖనం, శిల్పం, ఫొటోగ్రఫీ, కుండల పని కూడా అందులోకి వస్తాయి. అయితే అది గురువు దగ్గర ఐదేళ్లయినా నేర్చుకున్నవాళ్లు పై శిక్షణ కోసం తీసుకునేది, ఇంటర్న్‌షిప్ కోసం కాదు, మే నెలకి అందేదీ కాదు. తనకి అంత సాధన ఉంటే నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండమనండి. డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌షిప్ పథకం ఎన్ఏటీఎస్ ఉంది, అందులో స్టైపెండ్ తప్పనిసరి, ఒక భాగం కేంద్రమే భరిస్తుంది, కాబట్టి వచ్చే ఏడాది మొదట చూడాల్సింది దాన్నే.

కాబట్టి ఆ 16,000 రావాల్సింది దగ్గరివాళ్ల నుంచే. కాలేజీలో హెచ్‌ఓడీనీ ప్రిన్సిపాల్‌నీ కలిసి, పూర్వ విద్యార్థుల్లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లోనో యాడ్స్‌లోనో స్థిరపడినవాళ్ల నంబర్లు అడగాలి. ఆ దారిలో నడిచినవాళ్లకి విడిగా వివరించక్కర్లేదు. తర్వాత మీ కుల సంఘం విద్యా ట్రస్టు, ఊళ్లో రోటరీ, లయన్స్ క్లబ్బులు. వీళ్లు మామూలుగా ఫీజులకి ఇస్తారు, ఇంటర్న్‌షిప్ అంటే కొత్తగా ఉంటుంది, అందుకే "ఇది కోర్సులో భాగం" అని కాలేజీ లెటర్ మీద ఒక వాక్యం రాయించడం చాలా ముఖ్యం.

అప్లికేషన్ ఒక్క పేజీ చాలు. "చిన్నప్పటి నుంచీ నాకు కళ అంటే ప్రాణం" అని మొదలుపెట్టవద్దు, వచ్చే ప్రతి కాగితంలో అదే ఉంటుంది. ఇలా రాయమనండి: "రెండో సంవత్సరంలో మా కాలేజీ నాటకానికి థర్మకోల్, ప్లైవుడ్‌తో పాత పోస్టాఫీసు సెట్ వేశాను. కొలతలు తప్పి తలుపు తెరుచుకోలేదు. సెట్‌కి వర్కింగ్ డ్రాయింగ్ ఎలా గీయాలో ఈ స్టూడియోలో నేర్చుకోబోతున్నాను." అది తను నిజంగా చేసిన పనే అయి ఉండాలి, మీ అమ్మాయి దగ్గర ఇలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని కింద ఖర్చుల పట్టిక, ఎవరు ఎంత పెడుతున్నారో, ఎంత తక్కువైందో. స్టూడియో మెయిల్ జత చేయాలి, వాళ్లు డబ్బు ఇవ్వలేమని రాసినా సరే, అడిగామని దాతకి తెలుస్తుంది. పని అయ్యాక కాలేజీలో జూనియర్లకి ఒక పూట చూపిస్తానని రాసి, నిజంగా చూపించాలి. డబ్బు నేరుగా పీజీకే కట్టమని అడగవచ్చు, తెలియని వాళ్లకి చేతికివ్వడం కన్నా అదే నమ్మకం.

ఇవన్నీ మార్చి నెలాఖరుకి పంపేయాలి. ఏప్రిల్ 15 దాటినా లోటు పూడకపోతే స్టూడియోకి ఫోన్ చేసి దసరా సెలవులకో, ఏడో సెమిస్టర్ తర్వాతకో మార్చుకోవచ్చేమో అడగండి. ఈలోగా హైదరాబాద్‌లోనే కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఆర్ట్ డైరెక్టర్ల ఆఫీసులకి కూడా అదే పోర్ట్‌ఫోలియో పంపమనండి. హాస్టల్ గది ఉండనే ఉంది, బస్సు చార్జీలతో అయిపోతుంది, రోజుకి ఇంత అని ఇచ్చేవాళ్లు అక్కడా దొరకవచ్చు.